ఒంటిగంటన్నర చూపు

పంజాబ్‌లో వరి కోతలు సాగే అక్టోబర్, నవంబర్ నెలల్లో రోజూ ఒక సంఖ్య బయటికి వస్తుంది. ఆ రోజు పొలాల్లో ఎన్ని చోట్ల మంటలు కనిపించాయన్న లెక్క అది. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఉపగ్రహాల సమాచారం నుంచి తయారుచేసే ఈ లెక్కను పట్టుకునే పత్రికలు శీర్షికలు పెడతాయి, న్యాయస్థానంలో వాదనలు నడుస్తాయి, అధికారులు పొలాలకు వెళ్లి జరిమానాలు రాస్తారు. సెప్టెంబర్ 15 నుంచి నవంబర్ 30 వరకు సాగే ఈ లెక్క ప్రకారం పంజాబ్‌లో 2022లో 49,922 మంటలు కనిపించాయి. 2023లో 36,663. 2024లో 10,909 మాత్రమే. రెండేళ్లలో దాదాపు ఐదో వంతుకు పడిపోయింది. అయినా 2024 నవంబర్ 18న ఢిల్లీ గాలి నాణ్యత సూచీ 490 దాటింది. పిల్లలకు బడులు మూసేశారు.

మంటలు అంతగా తగ్గితే ఆ పొగ ఎక్కడిది? కొంత జవాబు ఢిల్లీలోనే దొరుకుతుంది. వాహనాలు, రోడ్ల దుమ్ము, నిర్మాణాలు, చలికాలంలో కదలని గాలి అన్నీ కలిసి ఆ నగరాన్ని ఏటా ఉక్కిరిబిక్కిరి చేస్తున్నాయి. మిగతా జవాబు కోసం ఆ మంటలను లెక్కపెట్టిన కళ్లను పరిశీలించాలి. అవి భూమికి 700, 800 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాయి.

ఆ కళ్లు ప్రధానంగా రెండు రకాలు. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మీద మోడిస్ అనే పరికరం ఉంది. సువోమి ఎన్‌పీపీ, నోవా-20, నోవా-21 ఉపగ్రహాల మీద వీర్స్ ఉంది. ఇవన్నీ ధ్రువాల మీదుగా భూమిని చుట్టివస్తాయి. ఒక్కో చుట్టుకు దాదాపు వంద నిమిషాలు పడుతుంది, రోజుకు పద్నాలుగు చుట్లు పూర్తవుతాయి. భూమి నడుము భాగం కాస్త ఉబ్బి ఉంటుంది కదా, ఆ ఉబ్బు లాగే బలానికి కక్ష్య తలం మెల్లగా తిరుగుతూ ఉంటుంది. కక్ష్య వంపును 98 డిగ్రీల దగ్గర అమరిస్తే ఆ తిరుగుడు రోజుకు ఇంచుమించు ఒక డిగ్రీ అవుతుంది. సూర్యుడి చుట్టూ భూమి ప్రయాణమూ రోజుకు ఇంచుమించు ఒక డిగ్రీయే. రెండూ సరిపోవడంతో ఉపగ్రహం ఏ రోజు ఏ ఊరి మీదుగా వెళ్లినా అక్కడ పొద్దు దాదాపు ఒకే చోట ఉంటుంది. టెర్రాకు నిర్ణయించిన వేళ ఉదయం పదిన్నర. ఆక్వాకు, వీర్స్‌ను మోసే ఉపగ్రహాలకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. రాత్రి పూట మళ్లీ ఒంటిగంటన్నర.

ఈ ఒంటిగంటన్నర సూర్యకాలం, గోడ గడియారం చూపే కాలానికి దీనికి కొంత తేడా ఉంటుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా వెళ్తుంది. అక్కడ గడియారమూ సగటు సూర్యుడూ దాదాపు ఒకే మాట చెబుతాయి. పంజాబ్ 75 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అరగంట తేడా వస్తుంది. అంటే అక్కడి రైతు చేతి గడియారం ప్రకారం ఉపగ్రహం నడినెత్తికి వచ్చే వేళ సుమారు రెండు గంటలు. వీర్స్ ఒక్కో చుట్టులో మూడు వేల కిలోమీటర్ల వెడల్పున చూస్తుంది కాబట్టి అంచుల్లో పడిన ఊళ్లకు ఆ వేళ కొంత ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎంత జరిగినా మధ్యాహ్నం మూడు దాటిందంటే మళ్లీ ఇంచుమించు అర్ధరాత్రి దాకా వీర్స్ ఆ నేలను చూడదు.

చూసిన ఆ కాస్త సేపట్లో మాత్రం దాని చూపు అద్భుతం. మామూలు నేల ఉష్ణోగ్రత దగ్గర, అంటే 300 కెల్విన్ల దగ్గర, ఏ వస్తువైనా ఎక్కువగా వెలువరించేది పది మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కాంతి. వెయ్యి కెల్విన్ల మంట అయితే మూడు మైక్రాన్ల దగ్గర గరిష్ఠంగా వెలుగుతుంది. అందుకే మంటలను పట్టే పరికరాలు నాలుగు మైక్రాన్ల కాంతిని, పదకొండు మైక్రాన్ల కాంతిని పక్కపక్కన పెట్టి చూస్తాయి. పదకొండు మైక్రాన్ల దగ్గర మంట మామూలు నేల కంటే దాదాపు ముప్పై రెట్లు ప్రకాశవంతం. నాలుగు మైక్రాన్ల దగ్గర నాలుగు వేల రెట్లకు పైమాటే. చదరపు కిలోమీటరు నేలలో వెయ్యో వంతు, అంటే పావు ఎకరం స్థలం మాత్రమే మండుతోందనుకుందాం. పదకొండు మైక్రాన్లలో ఆ చదరం ప్రకాశం మూడు శాతం పెరుగుతుంది. ఎండకు వేడెక్కిన బండరాయి పెంచినా పెంచుతుంది అంత. నాలుగు మైక్రాన్లలో మాత్రం ఒక్కసారిగా ఐదు రెట్లకు చేరుతుంది. పావు ఎకరం మంట అంతరిక్షం నుంచి దొరికిపోవడంలోని రహస్యం ఇదే.

అయితే దొరికేది మంట ఉందన్న సంగతి. ఎంత మేర కాలిందో దానితో తెలియదు. వీర్స్ చిత్రంలో ఒక్కో గడి 375 మీటర్ల చదరం, సుమారు 35 ఎకరాలు. అందులో ఒక ఎకరం తగలబడినా, ఇరవై ఎకరాలు తగలబడినా లెక్కలో చేరేది ఒక్క మంటే. పైగా వరిగడ్డి మంట అడవి మంటలా రోజుల తరబడి రగలదు, కాసేపట్లోనే ఆరిపోతుంది. నాలుగు గంటలకు అంటించి ఐదు గంటలకు ఆరిపోయిన మంట ఒంటిగంటన్నర కళ్లకు ఎన్నటికీ కనపడదు.

2024 కోతల కాలంలో సరిగ్గా ఇదే చర్చకు వచ్చింది. దక్షిణ కొరియా భూస్థిర ఉపగ్రహం, అంటే భూమితో సమానంగా తిరుగుతూ ఒకే ప్రాంతం పైన నిలిచి ఉండే ఉపగ్రహం, జియో-కాంప్‌శాట్-2ఏ పగలంతా కొద్ది నిమిషాలకోసారి ఆసియాను చూస్తుంది. వీర్స్ వెళ్లిపోయిన తర్వాత సాయంత్రం వేళ పంజాబ్ మీద పొగ దట్టమవుతున్నట్టు దాని చిత్రాల్లో కనిపించింది. ఆ తర్వాత ఇస్రో శాస్త్రవేత్తలు యూరప్ భూస్థిర ఉపగ్రహం మెటియోశాట్ సమాచారంతో గంట గంటకూ మంటలను లెక్కించారు. 2020లో మంటలు పతాక స్థాయికి చేరే వేళ మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతం. 2024 నాటికి అది సాయంత్రం ఐదు గంటల ప్రాంతానికి జరిగింది.

ఇందులో రైతును దోషిగా నిలబెట్టడం తేలిక, కానీ అన్యాయం. భూగర్భజలాలను కాపాడేందుకు పంజాబ్ 2009లో చేసిన చట్టం వరి నాట్లను జూన్ నెలలోకి జరిపింది. దాంతో కోతలూ వెనక్కి జరిగాయి. వరి కోసిన తర్వాత గోధుమ విత్తడానికి మిగిలేది రెండు మూడు వారాలు. ఆలోగా కొయ్యకాళ్లను తీయించాలంటే యంత్రం కావాలి, డబ్బు కావాలి. 2024 నవంబర్‌లో జరిమానాలను రెట్టింపు చేసి రెండెకరాల లోపు రైతుకు 5,000, ఐదెకరాలు దాటినవారికి 30,000 రూపాయలుగా నిర్ణయించారు. ఉపగ్రహం చూపిన అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని అధికారి పొలానికి వచ్చే పరిస్థితిలో, ఏ వేళ అంటిస్తే ఎవరూ రారో ఊళ్లో అందరికీ త్వరలోనే తెలిసిపోతుంది. యంత్రాల వాడకం పెరిగి మంటలు నిజంగానే కొంత తగ్గాయి. కానీ ఎంత తగ్గాయో 10,909 అన్న సంఖ్య ఒక్కటే చెప్పలేదు. కాలిన పొలం నల్లటి మచ్చ మర్నాటికి కూడా ఉంటుంది. సెంటినెల్-2 వంటి ఉపగ్రహాలు పది, ఇరవై మీటర్ల స్పష్టతతో ఆ మచ్చను కొలవగలవు. మంటల సంఖ్యకు బదులు కాలిన విస్తీర్ణాన్నే అధికారిక కొలతగా ప్రకటించడం ఎప్పుడో జరగాల్సిన పని.

పంజాబ్ మంటల లెక్కలో ఎదురైన చిక్కు, వాతావరణాన్ని కొలిచే ప్రతి ఉపగ్రహ పరికరం కథలోనూ ఏదో రూపంలో ఉంది. ఉపగ్రహం గాలిని పట్టి చూడదు. దానికి చేరేది వెలుగు మాత్రమే. ఏ వేళ చేరిన వెలుగు, ఏ రంగు వెలుగు, దారిలో ఏమేం తగిలి వచ్చిన వెలుగు అన్నవాటి నుంచి వాయువు ఎంత ఉందో రాబట్టాలి. ఆ రాబట్టడంలో ఊహలు ఉంటాయి. ఊహలు సరైనవైతే సంఖ్య నిలుస్తుంది.

ఓజోన్ రంధ్రం ఉదంతంలో ఈ సంగతి ఎంతో ఖరీదైన పాఠంగా ఎదురైంది. సూర్యుడి అతినీలలోహిత కాంతిలో కొన్ని తరంగదైర్ఘ్యాలను ఓజోన్ బాగా మింగుతుంది, వాటి పక్కనే ఉన్న మరికొన్నింటిని అంతగా మింగదు. ఈ రెండింటి నిష్పత్తి చూస్తే నెత్తిన ఎంత ఓజోన్ ఉందో తెలుస్తుంది. 1920లలో గోర్డన్ డాబ్సన్ ఈ సూత్రంతోనే నేల మీద పెట్టే పరికరాన్ని తయారుచేశారు. ఓజోన్ కొలతకు ఆయన పేరే పెట్టారు. మన తల మీదున్న ఓజోన్ అంతటినీ నేల దగ్గరి ఒత్తిడికి, సున్నా డిగ్రీల చలికి తెచ్చి పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం వస్తే అది 300 డాబ్సన్ యూనిట్లు. మొత్తం జీవరాశిని కాపాడుతున్న పొర అసలు మందం అంతే.

1978 అక్టోబర్‌లో నింబస్-7 ఉపగ్రహంతో పాటు టామ్స్ అనే పరికరం నింగికెళ్లింది. భూమి నుంచి తిరిగి పైకి వచ్చే అతినీలలోహిత కాంతిని అదే నిష్పత్తి పద్ధతిలో కొలుస్తూ రోజూ ప్రపంచమంతటికీ ఓజోన్ పటం గీసింది. అయినా ఓజోన్ రంధ్రం వార్తను ప్రపంచానికి మొదట చెప్పింది టామ్స్ కాదు. అంటార్కిటికాలోని హేలీ కేంద్రంలో 1950ల నుంచి డాబ్సన్ పరికరంతో కొలుస్తూ వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జోనథన్ షాంక్లిన్ 1985 మేలో నేచర్ పత్రికలో ప్రకటించారు. అక్టోబర్ నెలలో 300 చుట్టూ ఉండాల్సిన ఓజోన్ 200 దాకా జారిందని వాళ్ల కొలతలు చూపాయి.

టామ్స్ ఆ తగ్గుదలను చూడలేదా? చూసింది. 180 డాబ్సన్ యూనిట్ల కంటే తక్కువ విలువ వస్తే అది పరికరం పొరపాటు కావచ్చంటూ గుర్తు పెట్టేలా లెక్కింపు కార్యక్రమాన్ని రాశారు. అంత తక్కువ ఓజోన్‌ను అప్పటిదాకా ఎవరూ ఎక్కడా చూడలేదు మరి. నాసా ఆ సమాచారాన్ని పారేసిందని తర్వాత ఒక కథ ప్రచారమైంది. అది సరికాదు. విలువలు భద్రంగానే ఉన్నాయి, అనుమానపు గుర్తుతో ఉన్నాయి. పవన్ భార్తియా తదితరులు ఉన్న నాసా బృందం ఆ గుర్తుల గుంపును గమనించింది కూడా. సరిచూద్దామంటే దక్షిణ ధ్రువం వద్ద నేల మీది కేంద్రం 300 ప్రాంతంలో విలువలు చూపింది. ఆ కొలతలే తప్పని తర్వాత తేలింది. సందేహం తీరేలోగా హేలీ వ్యాసం అచ్చయింది. ఆపై టామ్స్ పటాలే ఆ రంధ్రం ఒక కేంద్రం మీది ముచ్చట కాదని, అంటార్కిటికా ఖండమంతా పరుచుకుందని లోకానికి చూపించాయి. రెండేళ్లు తిరిగేసరికి, 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందంపై దేశాలు సంతకాలు చేశాయి.

ఈ కథ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. దీనికి అంతగా ప్రచారంలోకి రాని రెండో భాగం ఉంది. అదే నింబస్-7 పరికరాలు 1980ల చివరికి ప్రపంచమంతటా ఓజోన్ చాలా వేగంగా తగ్గిపోతోందని చూపడం మొదలుపెట్టాయి. భూమి నుంచి వచ్చే కాంతిని పోల్చుకోవాలంటే సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కాంతి ఎంతో తెలియాలి. అందుకోసం పరికరంలో ఒక అల్యూమినియం పలకను ఎండకు పెట్టి, దాని మీద చెదిరిన వెలుగును కొలుస్తారు. ఏళ్ల తరబడి ఎండ తగిలి ఆ పలక నల్లబడింది. నల్లబడటం తక్కువ తరంగదైర్ఘ్యాల్లో ఎక్కువ, కాబట్టి నిష్పత్తి మారింది, లేని ఓజోన్ నష్టం లెక్కలోకి వచ్చింది. 1988లో నిపుణుల సంఘం డాబ్సన్ కేంద్రాల కొలతలతో పోల్చి దీన్ని సరిదిద్దింది. ఒకే ఉపగ్రహం మొదట నిజమైన నష్టాన్ని అనుమానించింది, తర్వాత లేని నష్టాన్ని చూపింది. రెండు సార్లూ దాన్ని నిజానికి దగ్గరగా తెచ్చింది నేల మీద నిలబడి ఓపికగా ఆకాశంలోకి చూసిన పాత పరికరమే.

టామ్స్ వారసుల్లో నేటి మేటి ట్రోపోమి. 2017 అక్టోబర్ 13న సెంటినెల్-5పీ ఉపగ్రహంతో రష్యాలోని ప్లెసెత్స్క్ నుంచి బయలుదేరింది. ఇదీ ఒంటిగంటన్నర బృందంలోనిదే. సువోమి ఎన్‌పీపీకి కొద్ది నిమిషాల తేడాతో వెళ్తూ, ఎక్కడ మబ్బు ఉందో వీర్స్ చిత్రాల నుంచి తెలుసుకుంటుంది. 2,600 కిలోమీటర్ల వెడల్పున, ఐదున్నర కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు ఉన్న గడులుగా భూమిని రోజూ కొలుస్తుంది. ఓజోన్‌తో పాటు నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, మీథేన్‌లను చూస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో నగరాల మీద నైట్రోజన్ డయాక్సైడ్‌ను చూపే ఎర్రటి మచ్చలు వెలిసిపోయినట్టు అందరూ చూసిన పటాలు దీనివే.

ఆ మచ్చ ఎలా తయారవుతుందో చూస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ నీలి కాంతిని, ముఖ్యంగా 405 నుంచి 465 నానోమీటర్ల మధ్య, తనదైన పళ్ల దువ్వెన లాంటి నమూనాలో మింగుతుంది. సూర్యుడి కాంతి వాతావరణంలోకి దిగి, నేలను తాకి, తిరిగి పరికరానికి చేరేదాకా ఆ నమూనా ఎంత లోతుగా పడిందో కొలవడం ఒక పని. ఇందులో పొరపాటు తక్కువ. ఆ కాంతి వచ్చిన దారి ఏటవాలుది. నిటారుగా తలెత్తి చూస్తే ఎంత వాయువు ఉంటుందో చెప్పాలంటే నేల ఎంత ప్రతిఫలిస్తుందో, మబ్బు ఎంత అడ్డం వచ్చిందో, వాయువు ఏ ఎత్తులో ఎంత ఉందో ముందే తెలియాలి. చివరిది కంప్యూటర్ నమూనా చెప్పాలి. ట్రోపోమి వాడే ప్రపంచ నమూనాలో ఒక్కో గడి ఒక డిగ్రీ, అంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్ లాంటి మహానగరమూ, చుట్టూ ఉన్న పొలాలూ చెరువులూ ఆ ఒక్క గడిలో కలిసిపోతాయి. నగరం మీద నేలకు దగ్గరగా పేరుకున్న పొగ నమూనాలో పలచబడుతుంది. ఫలితంగా కాలుష్యం ఎక్కువున్న చోట ఉపగ్రహం చెప్పే విలువ అసలు కంటే తక్కువగా రావడం పరిశోధకులకు తెలిసిన విషయమే. పటంలో నగరం ఎర్రగా కనిపిస్తే నిజం ఇంకా ఎర్రగా ఉండే అవకాశమే ఎక్కువ.

ధూళి, పొగ రేణువుల విషయానికి వస్తే చిక్కు మరీ ఎక్కువ. ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ అన్న కొలత, నేల నుంచి ఆకాశం అంచు దాకా ఉన్న రేణువులన్నీ కలిసి కాంతిని ఎంత తగ్గించాయో చెబుతుంది. మనం పీల్చేది ముక్కు ఎత్తులో ఉన్న గాలిని. వేసవిలో థార్ ఎడారి నుంచి లేచిన దుమ్ము మూడు నాలుగు కిలోమీటర్ల ఎత్తున సాగిపోతుంది. జనవరిలో గంగా మైదానపు పొగ కొన్ని వందల మీటర్లలోనే అణిగి ఉంటుంది. పైనుంచి రెండూ ఒకే సంఖ్యగా కనిపించవచ్చు, కింద ఊపిరితిత్తులకు మాత్రం భూమ్యాకాశాల తేడా. గాలిలో తేమ పెరిగితే అవే రేణువులు నీరు పీల్చి ఉబ్బి కాంతిని మరింత చెదరగొడతాయి. కాలుష్యం పెరగకుండానే సంఖ్య పెరుగుతుంది. మబ్బు పట్టిన రోజు కొలతే ఉండదు. దక్షిణాదిన నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లో వచ్చే సగటు, నిజానికి మబ్బులు విడిన కొద్ది రోజుల సగటు. జిల్లాలో ఒక్క కొలత కేంద్రం కూడా లేకుండా ఉపగ్రహ పటం చూపించి గాలి బాగుందని చెప్పడం ప్రజల ఆరోగ్యంతో ఆడుకోవడమే. నేల మీది కేంద్రం ఉన్న చోట ఉపగ్రహ పటం దాని చూపును పది ఊళ్లకు విస్తరిస్తుంది. కేంద్రమే లేని చోట ఆ పటాన్ని సరిచూసే ఆధారం ఉండదు.

సూర్యుడి కాంతి అక్కర్లేని పరికరాలూ ఉన్నాయి. వాయు అణువులు తమంతట తామే మైక్రోవేవ్ తరంగాలు వెలువరిస్తాయి. ఆరా ఉపగ్రహం మీది ఎంఎల్‌ఎస్ పరికరం భూమి అంచున, వాతావరణాన్ని పక్క నుంచి చూస్తూ ఆ తరంగాలను పడుతుంది. అందువల్ల ఏ ఎత్తులో ఏ వాయువు ఎంత ఉందో రాత్రింబగళ్లు పొరలు పొరలుగా చెప్పగలదు. 2022 జనవరి 15న పసిఫిక్‌లో హుంగా టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు వాతావరణపు పై పొర స్ట్రాటోస్ఫియర్‌లోకి దాదాపు 14.6 కోట్ల టన్నుల నీటి ఆవిరి ఎగజిమ్మిందని చెప్పింది ఇదే. ఆ పొరలో అప్పటికి ఉన్న మొత్తం ఆవిరిలో అది పదో వంతు. అంత పెద్ద మార్పును పట్టగలిగే ఈ పరికరం అప్పుడు లేకపోయి ఉంటే, దాని ప్రభావం గురించి ఇప్పటికీ వాదించుకుంటూనే ఉండేవాళ్లం.

కార్బన్ డయాక్సైడ్ కొలత వేరే రకం పరీక్ష. గాలిలో పది లక్షల భాగాలకు 420 పైగా ఉన్న ఈ వాయువుకు ఒక నగరం తనవంతుగా చేర్చేది ఒకటో రెండో భాగాలు. నిండు కుండలో చెంచాడు నీళ్లు పోస్తే మట్టం ఎంత పెరిగిందో చెప్పమన్నట్టు ఉంటుంది. ఈ పని కోసం జపాన్ ఉపగ్రహం గోశాట్ 2009 జనవరిలో నింగికెళ్లింది. మరుసటి నెలలో బయలుదేరిన నాసా ఓసీఓ, రాకెట్ తలకవచం విడిపోక సముద్రంలో పడింది. ఐదేళ్ల తర్వాత, 2014 జులైలో, ఓసీఓ-2గా మళ్లీ వెళ్లింది.

ఇలాంటి నష్టాలు ఈ రంగంలో అరుదు కావు. పది పరికరాలతో, ఎనిమిది టన్నుల బరువుతో 2002లో వెళ్లిన యూరప్ ఎన్విశాట్ 2012 ఏప్రిల్ 8న ఉన్నట్టుండి మూగబోయింది. దాని స్థానంలో నిలవాల్సిన సెంటినెల్ ఉపగ్రహాలు అప్పటికి ఒక్కటీ సిద్ధంగా లేవు. మీథేన్ లీకులను పట్టడానికి 2024 మార్చిలో వెళ్లిన మీథేన్‌శాట్‌తో పదిహేను నెలలకే సంబంధాలు తెగిపోయాయి. భారత్, ఫ్రాన్స్ కలిసి శ్రీహరికోట నుంచి 2011 అక్టోబర్ 12న పంపిన మేఘా-ట్రోపిక్స్ ఉష్ణమండలానికే ప్రత్యేకించిన ఉపగ్రహం. భూమధ్యరేఖకు 20 డిగ్రీల వంపులో తిరుగుతూ మన అక్షాంశాలను రోజుకు ఎన్నోసార్లు చూసేది. దాని మీది మద్రాస్ అనే పరికరం 2013 జనవరిలోనే ఆగిపోయింది. 183 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలోని తేమను కొలిచే సఫీర్ మాత్రం ఏళ్ల తరబడి వాతావరణ అంచనాలకు అక్కరకొచ్చింది. ఆ ఉపగ్రహాన్ని 2023 మార్చి 7న ఇస్రో అదుపు తప్పకుండా కిందికి దించి పసిఫిక్ మీద కాల్చేసింది. నిర్వీర్యమైన ఉపగ్రహాన్ని బాధ్యతగా దించడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు అదొక చిన్న విజయం కాదు. ఎన్విశాట్ నేటికీ కక్ష్యలో చెత్తగా తిరుగుతోంది.

పరికరం బతికే ఉన్నా కక్ష్య కదిలిపోవచ్చు. 1978 చివరి నుంచి ఉపగ్రహాలు మైక్రోవేవ్‌లతో వాతావరణ ఉష్ణోగ్రతను కొలుస్తున్నాయి. 1990లలో ఆ కొలతలు నేల మీది థర్మామీటర్లతో పొసగలేదు. భూమి వేడెక్కడం లేదనే వాదనకు కొందరు దాన్ని ఆయుధం చేసుకున్నారు. పలచటి గాలి రాపిడికి ఉపగ్రహాలు కొద్దికొద్దిగా కిందికి దిగడంతో చూసే కోణం మారి, లేని చల్లదనం లెక్కలో చేరిందని 1998లో ఫ్రాంక్ వెంట్జ్, మథియాస్ షాబెల్ చూపించారు. ఇప్పుడు టెర్రా, ఆక్వా వంతు. కక్ష్యను నిలబెట్టే ఇంధనం దాదాపు అయిపోవడంతో టెర్రా పదిన్నర కాకముందే, ఆక్వా ఒంటిగంటన్నర దాటాకే వస్తున్నాయి. రెండు దశాబ్దాల మోడిస్ రికార్డును వీర్స్ రికార్డుకు అతుకు కనపడకుండా కలపడం ఇప్పుడు వందల మంది చేస్తున్న, ఎవరికీ పెద్దగా పేరు తేని పని.

ఆ అతుకులు వేయడానికి నేల మీది కొలతలే ఆధారం. తిరుపతి జిల్లా గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్‌తో, లేజర్ కాంతిని పంపి చూసే లైడార్‌తో, గాలి బుడగలతో తలపైన ఉన్న గాలిని ఎత్తు ఎత్తునా కొలుస్తుంది. షాద్‌నగర్‌లోని జాతీయ దూరగ్రహణ కేంద్రం ప్రాంగణం ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకుంటుంది. పైనుంచి దిగిన సంఖ్యను కింద నుంచి ఎక్కిన సంఖ్యతో పోల్చిచూసే ఈ పని ఆగిన రోజు, ఎంత ఖరీదైన ఉపగ్రహమైనా నల్లబడిన పలక సంగతి తనంతట తాను చెప్పదు.

ఒంటిగంటన్నర సమస్యకు భూస్థిర కక్ష్యలో జవాబు సిద్ధమవుతోంది. 36,000 కిలోమీటర్ల ఎత్తున భూమితో సమానంగా తిరుగుతూ ఒకే ప్రాంతాన్ని పగలంతా చూడవచ్చు. దక్షిణ కొరియా పరికరం జెమ్స్ 2020 ఫిబ్రవరిలో వెళ్లి జపాన్ నుంచి భారత్ వైపు దాకా గంట గంటకూ వాయువులను కొలుస్తోంది. ఉత్తర అమెరికాకు టెంపో 2023 ఏప్రిల్‌లో, యూరప్‌కు సెంటినెల్-4 2025 జులైలో తోడయ్యాయి. ఉదయం ఏడు గంటల వాహనాల రద్దీలో లేచిన పొగ, మధ్యాహ్నం ఎండకు ఓజోన్‌గా మారి, సాయంత్రానికి ఎటు కొట్టుకుపోయిందో ఇవి చూపగలవు. జెమ్స్ చూపు పడమటి అంచున మన దేశం ఉంది, అంచు కాబట్టి ఏటవాలుగా, మసకగా కనిపిస్తుంది. పడమటి తీరం దాకా దేశమంతటినీ నేరుగా కిందికి చూస్తూ వాయువులను కొలిచే అలాంటి పరికరం భారత్ రేఖాంశాల మీద లేదు.

మంటల వరకైతే మనకు సొంత కళ్లున్నాయి. ఇన్సాట్-3డీఆర్, శ్రీహరికోట నుంచి 2024 ఫిబ్రవరి 17న వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ ఉపగ్రహాలు నాలుగు మైక్రాన్ల దగ్గరి కాంతిని అరగంటకోసారి చూస్తాయి. సాయంత్రం ఐదు గంటలకూ చూస్తాయి. కాకపోతే వాటి గడి నాలుగు కిలోమీటర్లు, దాదాపు నాలుగు వేల ఎకరాలు. ఒక రైతు ఒక ఎకరంలో అంటించిన మంట ఆ గడిలో కలిసిపోతుంది, పక్కపక్క పొలాలన్నీ ఒకేసారి అంటుకుంటే తప్ప కనపడదు. పదునుగా చూసే వీర్స్ మూడు తర్వాత ఉండదు. మూడు తర్వాత ఉండే ఇన్సాట్ పదునుగా చూడదు. వచ్చే అక్టోబర్‌లోనూ పంజాబ్ లెక్క ఒక్క సంఖ్యగానే బయటికి వస్తుంది. ఆ సంఖ్య పక్కన అది ఏ ఉపగ్రహం ఎన్ని గంటలకు చూసిందో, ఎన్ని ఎకరాల గడితో చూసిందో రాయడానికి కొత్త రాకెట్ ఏదీ అక్కర్లేదు.